నెల్లూరు ఏరియా వేరు, ఓవర్సీస్ వేరు: క్రంచీరోల్ చందా సమీక్ష

మాగుంట లేఅవుట్‌లో తమ్ముడు, డల్లాస్‌లో అక్క. జపాన్ కార్టూన్ సిరీస్‌లు (యానిమే) చూపించే క్రంచీరోల్ యాప్‌లో ఇద్దరికీ ఖాతా ఒకటే, పాస్‌వర్డూ ఒకటే. తమ్ముడి టీవీలో ఉన్న సిరీస్ అక్క ఫోన్లో ఉండదు. అక్క మూడో సీజన్ చూస్తుంటే తమ్ముడికి రెండో సీజన్ దగ్గరే ఆగిపోతుంది. ఇద్దరూ యాప్ తీసేసి మళ్లీ వేసుకుంటారు, రౌటర్ ఆపి మళ్లీ పెడతారు. ఏమీ మారదు. క్రంచీరోల్‌లో లోపాలు లేవని కాదు, వాటి దగ్గరికీ వద్దాం. ఇది మాత్రం యాప్ లోపం కాదు, హక్కుల లెక్క. మీకు ఏ జాబితా చూపించాలో తేల్చేది మీ కార్డు ఏ దేశానిదన్నది కాదు, ఆ నిమిషంలో మీ ఐపీ అడ్రస్ (ఇంటర్నెట్‌లో మీ కనెక్షన్ చిరునామా) ఏ దేశంలో ఉందన్నది.

ఈ లెక్క నెల్లూరోళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. తెలుగు సినిమా కలెక్షన్ల పట్టీ ఏది తీసినా నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, ఈస్ట్, వెస్ట్, గుంటూరు, కృష్ణా అంటూ వచ్చి చివర్లో నెల్లూరు అని ఉంటుంది. చిన్న ఏరియానే, అయినా విడి ఏరియా. పక్కనే ఉన్న ఒంగోలు గుంటూరు లెక్కలో పడుతుంది. నెల్లూరుకు కొన్న బయ్యర్ ఒంగోలు థియేటర్లో బొమ్మ వేయలేడు. యానిమే అమ్మకం కూడా ఇలాగే నడుస్తుంది. ఉత్తర అమెరికా ఒక ఏరియా, బ్రిటన్ ఐర్లండ్ ఇంకొకటి, ఆస్ట్రేలియా న్యూజిలాండ్ మరొకటి, జర్మన్ దేశాలు, ఫ్రెంచి దేశాలు, ఆగ్నేయాసియా, భారత ఉపఖండం. ఏరియా తేలాక భాష హక్కు వేరు, గడువు వేరు, స్ట్రీమింగ్ వేరు, డిస్కు వేరు, థియేటర్ వేరు, టీషర్టులూ బొమ్మలూ వేరు. డబ్బు పద్ధతి కూడా మనకు తెలిసిందే. మన ఎంజీ లాగే అక్కడా మినిమమ్ గ్యారంటీ ముందే కట్టాలి. ఆ సొమ్ము రాబట్టుకున్నాకే రాయల్టీ పంపకం మొదలవుతుంది. సిరీస్ ఆడకపోతే నష్టం కొన్నవాడి నెత్తినే.

అందుకే తమాషాలు జరుగుతుంటాయి. కొన్ని సిరీస్‌లకు మన వైపు హక్కులు తైవాన్ కంపెనీ మ్యూజ్ దగ్గరో, హాంకాంగ్ కంపెనీ మీడియాలింక్ దగ్గరో ఉంటాయి. మ్యూజ్‌కు మ్యూజ్ ఏషియా, మ్యూజ్ ఇండియా అని యూట్యూబ్ ఛానెళ్లున్నాయి, మీడియాలింక్‌కు యానీ-వన్ ఉంది. అక్కడ పెట్టినవి మనం పైసా కట్టకుండా, చట్టబద్ధంగా చూడొచ్చు. అదే లింకు అక్కకు పంపితే ఆమెకు తెరుచుకోదు, ఆమె డాలర్లలో చందా కట్టాల్సిందే. చందా తీసుకునేముందు మీకు కావలసిన సిరీస్ పేరు ఈ ఛానెళ్లలో ఒకసారి వెతకండి. ఇది చాలామంది చేయని పని.

మరి క్రంచీరోల్ ఇదంతా ఒక్కచోటికి తేలేదా? చాలావరకు తెచ్చింది. 2006లో పుట్టినప్పుడు అది అభిమానులు అనుమతి లేకుండా ఎక్కించిన వీడియోల సైటు. 2009లో టీవీ టోక్యోతో ఒప్పందం చేసుకుని, నరుతో షిప్పూదెన్‌ను జపాన్‌లో ప్రసారమైన గంటలోపే ఇంగ్లీషు సబ్‌టైటిళ్లతో ఇవ్వడం మొదలుపెట్టి, దొంగ సరుకంతా తీసేసింది. అటువైపు డల్లాస్ దగ్గర ఇంగ్లీషు డబ్బింగులు చేసే, 1994లో పుట్టిన ఫ్యూనిమేషన్‌లో 2017లో సోనీ 95 శాతం వాటా కొన్నది. 2021 ఆగస్టులో ఆ ఫ్యూనిమేషన్ చేతనే అమెరికా టెలికాం కంపెనీ ఏటీ అండ్ టీ దగ్గర్నుంచి క్రంచీరోల్‌ను 117.5 కోట్ల డాలర్లకు కొనిపించింది. అంతకుముందు అమెరికాలో ఒక అభిమాని రెండు మూడు చందాలు కట్టేవాడు. అమెజాన్ అయితే 2017 జనవరిలో యానిమే స్ట్రైక్ అని పెట్టి, ప్రైమ్ చందా మీద ఇంకో 4.99 డాలర్లు అడిగింది. ఏడాదికే మూసేసింది. గేటు టికెట్ తీసుకున్నవాణ్ణి లోపల కుర్చీకి ఇంకో టికెట్ అడిగితే ఎవరు కడతారు?

కొనేవాడి సంగతి ఇది. అమ్మేవాడి వైపు ఇంకా గజిబిజి. మన సినిమాకు నిర్మాత సంతకం పెడితే శాటిలైట్, డిజిటల్, ఆడియో హక్కులన్నీ కదులుతాయి. యానిమేకు చాలావరకు ఒక్క నిర్మాత ఉండడు, ప్రొడక్షన్ కమిటీ ఉంటుంది. మాంగా (జపాన్ బొమ్మల కథ) అచ్చేసిన ప్రచురణ సంస్థ, టీవీ ఛానెల్, పాటల కంపెనీ, బొమ్మల కంపెనీ, ప్రకటనల ఏజెన్సీ తలా ఇంత డబ్బు వేసి, హక్కులు తలా ఒకటి పంచుకుంటాయి. విదేశీ హక్కు ఒకరి దగ్గర ఉంటే పాట హక్కు ఇంకొకరి దగ్గర. బొమ్మలు గీసిన స్టూడియోకు చాలాసార్లు చేసిన పనికి కూలి తప్ప వాటా ఉండదు. రెండో సీజన్‌కు కమిటీలో మనుషులు మారితే విదేశీ హక్కు వేరేవాళ్ల చేతికి వెళ్లొచ్చు. మొదటి సీజన్ ఒక యాప్‌లో, రెండోది ఇంకో యాప్‌లో కనిపించడానికి మామూలు కారణం ఇదే.

మాక్రాస్ సంగతి చూడండి. 1982లో వచ్చిన సిరీస్ అది. దాన్నీ ఇంకో రెండు సిరీస్‌లనూ కలిపి కుట్టి 1985లో అమెరికా కంపెనీ హార్మొనీ గోల్డ్ రోబోటెక్ అని వేసింది. ఆ లైసెన్సు ఇచ్చింది జపాన్ స్టూడియో తాత్సునోకో. జపాన్‌దే ఇంకో కంపెనీ బిగ్‌వెస్ట్ మాత్రం అసలు హక్కుదారులం మేమంది. తరవాత వచ్చిన మాక్రాస్ సిరీస్‌లలో చాలావాటికి జపాన్ బయట దారి మూసుకుపోయింది. రెండు పక్షాలూ రాజీకొచ్చింది 2021 ఏప్రిల్‌లో. ఉమ్మడి పొలం దావా మూడు తరాలు నడవడం మన వైపు వింత కాదు కాబట్టి ఇక్కడి పాఠకులకు ఇది తేలిగ్గానే అర్థమవుతుంది.

పాట దగ్గర తగిలే దెబ్బ ఇంకో రకం. ఒక పాట వాడాలంటే రచనకూ స్వరానికీ ఒక అనుమతి, ఆ రికార్డింగుకు ఇంకో అనుమతి కావాలి. జపాన్ టీవీకి తీసుకున్న అనుమతి అమెరికా స్ట్రీమింగుకు పనికిరాదు. 2019 జూన్‌లో నెట్‌ఫ్లిక్స్ ఇవాంజెలియన్‌ను ప్రపంచమంతా విడుదల చేసినప్పుడు చివర్లో వచ్చే ఫ్లై మీ టు ది మూన్ పాట అమెరికా సహా చాలా దేశాల్లో మాయమైంది. ఈడెన్ ఆఫ్ ది ఈస్ట్‌కు మొదట్లో వచ్చే బ్రిటిష్ బ్యాండ్ ఒయాసిస్ పాటను అమెరికా విడుదలలో మొదటి ఎపిసోడ్‌కు మాత్రమే ఉంచగలిగారు, మిగతావాటికి వేరే పాట పెట్టారు. విదేశీ పాట వాడిన జపాన్ సిరీస్ కనిపిస్తే, బయటి దేశాల్లో అది అలాగే వస్తుందని నమ్మకం పెట్టుకోకండి.

సమయం విషయంలో క్రంచీరోల్‌కు మంచి మార్కులే పడతాయి. జపాన్‌లో జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబర్ నెలల్లో కొత్త సీజన్లు మొదలవుతాయి, ఒక్కోటి 12 లేదా 13 వారాలు. ప్రసారమైన కాసేపటికే మనకూ వస్తుంది. టైము లెక్క మాత్రం తెలిసుండాలి. జపాన్ మనకంటే మూడున్నర గంటలు ముందు. అర్ధరాత్రి దాటాక వేసేవాటిని వాళ్లు 25:30 అని రాస్తారు. శనివారం 25:30 అంటే ఆదివారం తెల్లవారుజామున 1:30, అంటే మనకు శనివారం రాత్రి 10 గంటలు. డల్లాస్‌లో వేసవి టైములో అదే శనివారం ఉదయం 11:30. నవంబర్ మొదటి ఆదివారం అమెరికా గడియారాలు వెనక్కి తిప్పుతుంది కాబట్టి, అక్టోబర్ సీజన్ మధ్యలో అక్కకు ఎపిసోడ్ 10:30కే వచ్చేస్తుంది. ఇద్దరూ కలిసి వాట్సాప్‌లో మాట్లాడుకుంటూ చూసేవాళ్లయితే ఆ వారం ఒకరు మొత్తం చూసేసి కూర్చుంటారు.

గంటలో సబ్‌టైటిళ్లు రావాలంటే వెనక ఎంత పని జరుగుతుందో చూడాలి. 24 నిమిషాల ఎపిసోడ్‌కు సుమారు 300 నుంచి 400 సబ్‌టైటిల్ వరసలు పడతాయి. అనువాదకుడి చేతికి వచ్చేది స్క్రిప్టు, మూలన టైము అంకెలు పరిగెత్తే మసక వీడియో. బొమ్మలు పూర్తిగాని చోట పెన్సిలు గీతలే ఉంటాయి. ఎవరు మాట్లాడుతున్నారో తెలియని సీన్లు వస్తాయి, కర్త చెప్పకుండా మాట్లాడే జపనీస్‌లో అది పెద్ద చిక్కు. అనువాదం, టైమింగు, తెర మీది బోర్డుల రాతలు, ఎడిటింగు, ఆఖరి తనిఖీ, ఇన్ని చేతులు మారాలి. మంచి వీడియో ముందే ఇస్తే సరిపోదా అంటే, లీకు భయం. 2024 ఆగస్టులో నెట్‌ఫ్లిక్స్‌కు సబ్‌టైటిళ్లూ డబ్బింగూ చేసిపెట్టే ఒక సంస్థ నుంచి విడుదల కాని యానిమే ఎపిసోడ్లు బయటికి పొక్కాయి. ఆ మసక వీడియో ఎందుకో అప్పుడు అందరికీ తెలిసొచ్చింది.

ఈ తొందరలో పడే తప్పులను మాత్రం ఒప్పుకోనక్కర్లేదు. 2025 జులైలో ఒక సిరీస్ జర్మన్ సబ్‌టైటిళ్లలో ఛాట్‌జీపీటీ పేరుతో సహా దాని జవాబు అలాగే తెర మీద పడింది. బయటి కాంట్రాక్టరు ఒప్పందం మీరాడని క్రంచీరోల్ చెప్పుకుంది. అదే ఏడాది అక్టోబర్ సీజన్ మొదట్లో బోర్డుల అనువాదం సరిగ్గా లేదని అభిమానులు గోల చేశారు. గోలకు కారణం ఉంది. పాత్ర మాట్లాడుతుండగా వెనక గోడ మీద రాత, చేతిలో ఫోన్ మెసేజ్ రెండూ ఉంటే మూడు అనువాదాలు మూడు చోట్ల, మూడు తీరుల్లో పడాలి. అభిమానుల సబ్‌టైటిళ్లు ఇరవై ఏళ్ల కిందటే ఆ పని చేశాయి. డబ్బు తీసుకునే సర్వీసు అన్నీ ఒకే తెల్ల అక్షరాల్లో కింద కుప్పపోస్తే తిట్లు పడటం న్యాయమే.

తెలుగు డబ్బింగ్ సంగతికి వద్దాం. సోలో లెవెలింగ్ లాంటివి తెలుగులో ఉన్నాయి. డీమన్ స్లేయర్ ఇన్ఫినిటీ క్యాజిల్ సినిమా అయితే జపాన్‌లో 2025 జులై 18న వచ్చి, 2025 సెప్టెంబర్ 12న అమెరికాలో ఇంగ్లీషులోనూ ఇక్కడ తెలుగులోనూ ఒకే రోజు థియేటర్లకు వచ్చింది. పదేళ్ల కిందట ఊహకందని మాట.

తెలుగుకు ఇంగ్లీషుకు లేని సౌలభ్యం ఒకటుంది. జపనీస్‌లోనూ మనలాగే అసలు మాట చివర పడుతుంది. "వాణ్ణి చంపింది..." అని కెమెరా మెల్లగా తిరిగి, ముఖం కనిపించగానే "నువ్వే" అని ఆగే డైలాగు తీసుకోండి. జపనీస్‌లో వరస ఇదే, నోటి కదలికలూ ఇదే లెక్క. తెలుగులో మాట మార్చకుండా అచ్చంగా కూర్చుంటుంది. ఇంగ్లీషులో మామూలు వాక్యం రాస్తే "నువ్వు" అనే మాట ముందుకొచ్చేస్తుంది. కానీ తెలుగును ఇంగ్లీషు స్క్రిప్టు మీంచి రాస్తే ఆ వరం పోతుంది. ముఖం కనిపించక ముందే "నువ్వే వాణ్ణి చంపావు" అని గుట్టు రట్టు చేసేస్తారు. పిలుపులదీ అదే గతి. ఒనీ-చాన్ అంటే హాయిగా అన్నయ్య. ఇంగ్లీషులో అది పేరుగా మారి, అక్కణ్ణుంచి తెలుగులోకి పేరుగానే వస్తుంది. అన్నను పేరు పెట్టి పిలిచే చెల్లెలు మన ఇళ్లలో ఎంత వింతగా ఉంటుందో జపాన్ ఇళ్లలోనూ అంతే. డబ్బింగ్ బాగుందో లేదో రెండు నిమిషాల్లో తేల్చుకోవాలంటే పిలుపులు వినండి చాలు. (అన్ని పాత్రలూ ఒకే టీవీ యాస మాట్లాడటం ఇంకో బాధ. పల్లెటూరి పాత్ర ఒక్కటైనా "ఏందబ్బయా" అంటే ఎంత కళగా ఉండును.)

పాత రోజులతో పోలిస్తే ఇది స్వర్గమే అనుకోండి. 4కిడ్స్ కంపెనీ వన్ పీస్‌ను అమెరికా పిల్లల టీవీకి తెచ్చినప్పుడు సాంజీ నోట్లో సిగరెట్టు తీసి లాలీపాప్ పెట్టింది. పోకెమాన్ అమెరికా డబ్బింగులో అన్నం ముద్దలను జెల్లీ డోనట్లన్నారు. అన్నం తినేవాళ్లకు ఆ సీన్ చూస్తే నవ్వొస్తుంది. ఇప్పుడు స్ట్రీమింగులో అలాంటి కోతలు అరుదు. అయితే టీవీకి ఇచ్చిన ప్రతిలో మెరుపుల సీన్లు మసకబారి, నీడలు సాగినట్టు కనిపిస్తాయి. 1997 డిసెంబర్‌లో ఒక పోకెమాన్ ఎపిసోడ్ మెరుపులకు జపాన్‌లో వందలమంది పిల్లలు ఆసుపత్రి పాలయ్యాక పెట్టుకున్న కట్టుబాటు అది. మీ టీవీని అనుమానించకండి. బ్లూరేకు వచ్చేసరికి చాలాసార్లు ఆ మసక తీసేస్తారు.

బొమ్మ నాణ్యతకూ డేటాకూ లెక్క వేసుకోండి. సెకనుకు 2 మెగాబిట్ల వేగంతో 24 నిమిషాల ఎపిసోడ్ 360 ఎంబీ తాగుతుంది, 8 మెగాబిట్లయితే 1.4 జీబీ. రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాకు మీదుంటే రెండో రకంలో ఒక్క ఎపిసోడ్‌తో సరి. ఫోన్లో తక్కువ నాణ్యత పెట్టుకున్నా పెద్ద నష్టం ఉండదు, టీవీలో మాత్రం చీకటి సీన్లలో ఆకాశం మెట్లు మెట్లుగా చారలు కడుతుంది, వాన, మంచు, పూలరేకులు రాలే సీన్లలో గళ్లు కనిపిస్తాయి. గీసిన బొమ్మలో రంగు ఒకే పలకగా ఉంటుంది కాబట్టి కుదింపు తప్పులు మనుషుల సినిమాలో కంటే ఇందులో ఎక్కువ బయటపడతాయి. పినాకిని ఎక్కి ఒంగోలు నుంచి చెన్నై వెళ్లేవాళ్లు ఇంట్లో వైఫై మీదే డౌన్‌లోడ్ చేసుకోవడం మేలు. దారిలో నెట్‌వర్క్ వచ్చీపోయీ ఎపిసోడ్‌ను చంపుతుంది.

ఆ డౌన్‌లోడ్ సదుపాయం మెగా ఫ్యాన్ చందాలో ఉంది. 2022లో క్రంచీరోల్ ఇండియా ధరలు బాగా తగ్గించి ఫ్యాన్‌కు నెలకు 79, మెగా ఫ్యాన్‌కు 99, ఏడాదికి 999 రూపాయలు పెట్టింది. అమెరికాలో మెగా ఫ్యాన్‌ను 2024 మేలో నెలకు 9.99 నుంచి 11.99 డాలర్లకు పెంచారు. ధరలు మారుతుంటాయి, కట్టేముందు తెర మీది అంకె చూసుకోండి. ఫ్యాన్‌లో ఒకేసారి ఒక్క పరికరం, మెగా ఫ్యాన్‌లో నాలుగు. తమ్ముడూ అక్కా ఒకే టైముకు చూడాలంటే రెండోదే దారి. పై ధరల్లో ఏడాది చందాకు 189 రూపాయలు మిగులుతాయి, కానీ ప్రతి వారం కొత్త ఎపిసోడ్ చూసేవాళ్లకే అది లాభం. సీజన్ అయిపోయాక ఒక్క ఊపున చూసే అలవాటు ఉంటే ఏడాదిలో రెండు నెలలు కట్టుకోండి, 198తో పోతుంది. ట్రంక్ రోడ్డులో ఒక చేపల పులుసు భోజనం లెక్క.

ఆటోపే జాగ్రత్త. రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం 15,000 లోపు నెలవారీ కోతకు ఓటీపీ అడగరు, కోతకు 24 గంటల ముందు మెసేజ్ మాత్రం వస్తుంది. ఆ మెసేజ్ చదవకుండా తుడిచేస్తే డబ్బు పోయినట్టే. యాప్ తీసేస్తే చందా ఆగదు. ప్లే స్టోర్ ద్వారా కట్టింది ప్లే స్టోర్లోనే రద్దు చేయాలి, వెబ్‌సైట్లో కట్టింది వెబ్‌సైట్లోనే.

మా తీర్పు సూటిగా: నెల్లూరు నుంచి చూసేవాళ్లకు మెగా ఫ్యాన్ ఇచ్చిన డబ్బుకు సరిపోతుంది, అమెరికాలో చూసేవాళ్లకు వేరే దారి లేక సరిపోతుంది. మీకు ప్రాణమైన సిరీస్ ఒకటుంటే మాత్రం చందాను నమ్ముకుని కూర్చోకండి. లైసెన్సు గడువు తీరితే అది జాబితాలోంచి జారిపోతుంది. "కొనుక్కున్నాం కదా" అనే మాటకూ బలం లేదు. ఫ్యూనిమేషన్ డిస్కులతో పాటు డిజిటల్ కాపీ కోడ్లు ఇచ్చేది. 2024 ఏప్రిల్ 2న ఆ యాప్ మూతపడ్డప్పుడు ఆ కాపీలు క్రంచీరోల్‌కు బదిలీ కాలేదు. డిస్కు ఉన్నవాళ్ల దగ్గర డిస్కు మిగిలింది.

డిస్కు తెప్పించుకోవడానికి అక్కకు చెప్పేముందు ఒక్కటి చూసుకోండి. అమెరికా, జపాన్ బ్లూరేలు రీజియన్ ఎ, మనది రీజియన్ సి. డీవీడీ అయితే అమెరికాది 1, మనది 5. ఇక్కడ కొన్న మామూలు ప్లేయర్లో అవి ఆడవు. 4కే డిస్కులకు రీజియన్ గొడవ లేదు, అన్ని రీజియన్లూ ఆడే ప్లేయర్ ఉంటే మిగతావాటికీ లేదు. పెట్టె వెనక మూలన చిన్న భూగోళం బొమ్మలో ఏ అక్షరం లేదా అంకె ఉందో ఫొటో తీసి పంపమనండి, సూట్‌కేసు కట్టకముందే.